పిల్లాడు ఫోన్లో పందేలు కడుతున్నాడని తెలిస్తే: ఏ పని ముందు, ఏ పని తరవాత

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో తండ్రి ఊళ్ళో ఉండడు. హైదరాబాదులో కట్టుబడి పనికో, చెన్నైకో, చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్‌కో పోయి ఉంటాడు. ఆయన పంపిన డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాను నడిపేది మాత్రం ఇంటర్ చదివే కుర్రాడు. కరెంటు బిల్లు, గ్యాసు, డ్వాక్రా వాయిదా, ఫోన్ రీచార్జి అన్నీ వాడే కడతాడు. పిన్ను వాడికి తెలుసు, చాలా ఇళ్ళల్లో వాడే పెట్టాడు. తల్లికి వందనం 13 వేలు పడినా, ఉపాధి హామీ కూలి పడినా మెసేజ్ ముందు చూసేది వాడే.

పందేలవాళ్ళు దూరేది సరిగ్గా ఈ సందులోంచే. విషయం బయటపడగానే ఇంట్లోవాళ్ళు సాధారణంగా చేసేది ఏమిటంటే, కొడతారు, ఫోను నేలకేసి కొడతారు, పరువు పోతుందని అప్పు గుట్టుగా తీర్చేస్తారు. పిన్ను మాత్రం అలాగే ఉంటుంది. నెల తిరక్కుండా మళ్ళీ మొదలవుతుంది. అందుకే ఇక్కడ చెప్పే వరస వేరు: ముందు రుజువు, తరవాత డబ్బుదారి మూయడం, అదే రోజు సాయంత్రం మాట, ఆపైన అప్పులు, ఆఖరున ఫోను. వాడు, కుర్రాడు అని రాస్తున్నాం గానీ ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు. చేయవలసిన పనులు ఇద్దరికీ ఒకటే.

పాస్‌బుక్ ప్రింటు వేయించండి

ఫోన్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. కొన్ని యాప్‌లలో చెల్లింపుల చరిత్రను దాచే, తీసేసే వీలుంది. బ్యాంకు పుస్తకంలో ఆ వీలు లేదు. పుస్తకం పట్టుకుని శాఖకు వెళ్ళి గత 6 నెలల లావాదేవీలు ప్రింటు వేయించండి. పుస్తకం నిండిపోయి ఉంటే స్టేట్‌మెంటు అడగండి.

యూపీఐ, డీఆర్ అన్న అక్షరాలు, 12 అంకెల నంబరు, ఆ తరవాత ఒక పేరు ఉన్న వరసలు వెతకండి. డీఆర్ అంటే ఖాతాలోంచి పోయింది, సీఆర్ అంటే వచ్చింది. పచారీ కొట్టు, పెట్రోలు బంకు లాంటి తెలిసిన పేర్లు పెన్సిలుతో కొట్టేయండి. మిగిలినవాటిలో ఈ పోలిక ఉందేమో చూడండి: ఒకే తేదీలో నాలుగైదు సార్లు 100, 200, 300, 500 అని గుండు అంకెలు, ప్రతిసారీ కొత్త పేరు, ఒక్కటీ మన ఊరి పేరు కాదు, మధ్యలో ఎక్కడో 350, 600 తిరిగి వచ్చిన సీఆర్. పందేల డబ్బు సైటు పేరు మీద పోదు, అద్దెకు తీసుకున్న ఎవరివో ఖాతాల్లోకి పోతుంది. పేరు రోజుకొకటి మారేది అందుకే. ఫోన్లో అవే లావాదేవీల వేళ చూస్తే చాలావరకు రాత్రి 10 దాటాక ఉంటాయి, ఐపీఎల్ రోజుల్లో రాత్రి ఏడున్నర నుంచీ ఉంటాయి.

ఖాతా శుభ్రంగా ఉండి, అనుమానం మాత్రం పోకపోతే బంగారం చూడండి. చెవిదిద్దులు, వెండి పట్టీలు పెట్టిన చోటే ఉన్నాయా? వాడి ఫోను, బండి చేతిలో ఉన్నాయా, లేక "ఫ్రెండు తీసుకెళ్ళాడు" అంటున్నాడా? పద్దెనిమిది నిండనివాడు సొంతంగా తాకట్టు పెట్టలేడు కనక పెద్ద వయసు స్నేహితుడి పేరు మీద పెట్టిస్తాడు. చీటీ ఆ స్నేహితుడి దగ్గర ఉంటుంది.

ఏం ఆడుతున్నాడో తెలియకుండా మాట్లాడకండి

మూడు రకాలు ఎక్కువ. మొదటిది క్రికెట్ ఐడీ. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఒక నంబరుకు డబ్బు పంపితే లాగిన్, పాస్‌వర్డ్ ఇస్తారు. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది అందులో చిన్న భాగమే. అసలు పందెం సెషన్ల మీద: మొదటి 6 ఓవర్లలో ఎన్ని పరుగులు, ఈ ఓవర్లో ఎన్ని అని. మ్యాచ్ ఒకటే, పందేలు పదులు.

రెండోది రంగుల ఆట. ఎరుపా, ఆకుపచ్చా అని 30 సెకన్లకో నిమిషానికో ఒకసారి. మూడోది విమానం ఆట: గీత పైకి పోతూ ఉంటుంది, విమానం ఎగిరిపోయేలోపు డబ్బు వెనక్కి తీసుకోవాలి.

ఈ ఆటల్లో కుర్రాళ్ళందరూ ఒకరికొకరు చెప్పుకునే చిట్కా ఒకటుంది: పోయిన ప్రతిసారీ రెట్టింపు కట్టు, ఎప్పుడో ఒకసారి తగులుతుంది, అంతా వచ్చేస్తుంది. దీన్ని కాగితం మీద వాడి చేతే లెక్క కట్టించండి. 50తో మొదలుపెట్టి 100, 200, 400, 800, 1,600, 3,200. ఏడుసార్లు వరసగా పోతే మొత్తం 6,350. ఎనిమిదోసారి 6,400 కట్టి గెలిచినా చేతికి మిగిలే లాభం మొదటి 50 మాత్రమే. సగానికి సగం అవకాశమున్న ఆటలో ఏడు వరసగా పోవడం 128లో ఒకసారి. రాత్రికి వందసార్లు ఆడేవాడికి 128 ఎంతో దూరంలో లేదు. పైగా అవకాశం సగం కూడా ఉండదు. 100 కడితే ముందే 3 రూపాయలు ఫీజు కోసి 97కే రెట్టింపు ఇచ్చే సైటులో, గెలుపోటములు సరిసమానంగా వచ్చినా ప్రతి పందేనికీ సగటున 3 రూపాయలు పోతున్నట్టే. లెక్కలు బాగా వచ్చే పిల్లలకు ఈ కాగితం పదిమంది చెప్పే నీతులకంటే బాగా ఎక్కుతుంది.

"టెలిగ్రామ్ అన్న చెప్పిన నాలుగూ తగిలాయి" అంటాడు. అదెలాగో కూడా చెప్పండి. 800 మందిలో 400 మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా 400 మందికి రెండో జట్టు గెలుస్తుందని పంపిస్తారు. గెలిచిన వైపు 400ను మళ్ళీ సగం చేస్తారు. నాలుగు మ్యాచ్‌లు అయ్యేసరికి 50 మంది మిగులుతారు. వాళ్ళ కంటికి ఆ అన్న దేవుడు. ఐదో మ్యాచ్‌కు ఆ 50 మంది దగ్గరే ఫీజు అడుగుతాడు.

ఇంకొక సంగతి. మొదట్లో చిన్న మొత్తాలు నిమిషాల్లో వెనక్కి వస్తాయి. 200 పెట్టి 500 తీసుకున్న ఆ మొదటి సాయంత్రమే గాలం. పదివేలు దాటాక తీసుకోబోతే "బోనస్‌కు ఇన్ని రెట్లు ఆడాలి", "ముందు పన్ను కట్టు" అంటారు. ఆ పన్ను కూడా వాళ్ళకే.

"యాప్‌లో ఉంది కదా, తప్పయితే ఎందుకు ఉంచుతారు?" అని అడిగితే నిజం చెప్పండి. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవాళ్ళకు 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు 2 ఏళ్ళు, 50 లక్షల వరకు. ఆ కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇప్పుడు కుర్రాళ్ళ చేతిలో మిగిలినవి ఎక్కడి నుంచి నడుస్తాయో తెలియని సైట్లు. మోసం జరిగితే అడగడానికి అక్కడ మనిషే ఉండడు.

డబ్బుదారి మూయడం

పిన్ను మార్చేస్తే చాలనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఏటీఎం కార్డు మీద చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఫోనుకొచ్చే ఓటీపీ ఉంటే రెండు నిమిషాల్లో కొత్త పిన్ను పెట్టుకోవచ్చు. ఆధార్ ఓటీపీతో కూడా పెట్టుకోవచ్చు. కార్డు బీరువాలో, సిమ్ము ఫోన్లో, ఫోను వాడి చేతిలో ఉన్నంతకాలం మీరు మార్చిన పిన్ను మీకే అడ్డం.

కుదిరిన మార్గం ఇది. ఇంటి డబ్బంతా పడే ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఉందో ఆ సిమ్మును స్మార్ట్ ఫోన్లోంచి తీసి బటన్ ఫోన్లో వేయండి. ఆ ఫోను మామ్మ దగ్గరో మీ కొంగునో ఉండాలి. యూపీఐ యాప్‌లో ఖాతా జతచేయాలంటే ఆ సిమ్ము నుంచే మెసేజ్ వెళ్ళాలి కనక వేరే ఫోన్లో ఖాతా ఎక్కదు. పాత ఫోన్లో యాప్ తెరిచి ఆ ఖాతాను తొలగించండి. ఏటీఎం కార్డును ఇంట్లో దాచకండి, అన్న దగ్గరో మేనత్త దగ్గరో ఉంచండి. బిల్లులు కట్టడానికి వేరే నంబరు మీద రెండో ఖాతా పెట్టుకుని, అందులో వారానికి సరిపడా, వెయ్యో పదిహేను వందలో మాత్రమే వేసుకోండి. అది వాడే నడిపినా పరవాలేదు, లెక్క వారం వారం మీరు చూస్తారు కాబట్టి.

మరిచిపోయే చోట్లు మూడున్నాయి. చిన్న చెల్లింపుల కోసం యాప్‌లోనే డబ్బు వేసి ఉంచుకునే యూపీఐ లైట్ ఒకటి, ఆ డబ్బుకు పిన్ను అక్కర్లేదు. అందులో ఉన్నది ఖాతాకు వెనక్కి పంపి లైట్‌ను మూసేయండి. ఖాతాలోంచి దానంతటదే డబ్బు పోయేలా పెట్టుకున్న ఆటోపే జాబితా తెరిచి తెలియని పేర్లన్నీ రద్దు చేయండి. ఫోన్ సెట్టింగుల్లో వేలిముద్రలు చూడండి: 2025 అక్టోబరు నుంచి పిన్ను బదులు వేలిముద్రతో యూపీఐ చెల్లించే పద్ధతి వచ్చింది, మీ ఫోన్లో వాడి వేలు నమోదై ఉంటే తీసేయండి.

వాడికి సొంత ఖాతా ఉంటే శాఖలో మేనేజరును కలిసి, పిల్లాడి ఖాతాకు కార్డు, యూపీఐ వద్దని కాగితం రాసి ఇవ్వండి. నోటి మాటతో వదలకండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇదంతా పగలు చేస్తే ఆ సాయంత్రమే మాట్లాడాలి. డబ్బు ఆగిపోయి, బయట ఇవ్వవలసినవాడు ఫోను మీద ఫోను చేస్తూ, ఇంట్లో ఎవరూ ఏమీ అనకుండా ఉండే ఆ ఒక్క రాత్రి పిల్లాడికి చాలా ప్రమాదం.

సాయంత్రం మాట

ఇంట్లో ఒక్కరే మాట్లాడండి. చుట్టాలను, ఊరి పెద్దలను పిలవకండి. తండ్రి ఊళ్ళో లేకపోతే ముందే ఫోన్ చేసి విషయం చెప్పి, "ఇవాళ నువ్వు అరవకు" అని మాట తీసుకోండి. వెరావల్ నుంచి వీడియో కాల్‌లో వచ్చే తిట్లు పిల్లాడి నోరు మూయిస్తాయి తప్ప విషయం రాబట్టవు.

ఎందుకు చేశావని అడిగితే జవాబు రాదు, వాడికీ తెలియదు. ఎంత అని అడగండి. "పుస్తకం చూసానురా. ఇవాళ తిట్టను, కొట్టను. ఎవులికి ఎంతివ్వాలో చెప్పు, కాగితం మీద రాద్దాం." ఇంతే చాలు. తరవాత మీరు ఆగాలి. ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్నా ఆగాలి.

మొదట చెప్పే అంకె అసలు అంకె కాదు. ఎనిమిది వేలంటే ఇరవై ఉండవచ్చు. అబద్ధమాడాడని మీద పడకండి, ఎంత వరకు చెబితే మీరు తట్టుకుంటారో వాడు చూస్తున్నాడు. "వారంలోపు ఇంకేదైనా గుర్తొస్తే రాయి, అప్పుడూ ఏమీ అనను" అని గడువివ్వండి. మిగిలింది మూడో రోజో నాలుగో రోజో వస్తుంది. అప్పుడు మాట తప్పి చెయ్యెత్తితే ఇక జన్మలో నిజం చెప్పడు.

"నేను లేకపోతే మీకే నయం" అన్నట్టు మాట్లాడినా, తిండి మానేసినా, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నా, స్టేటస్‌లో వీడ్కోలు మాటలు పెట్టినా పక్కన మనిషిని వదలకండి. ఆ మాట నోటితోనే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఇంట్లో పురుగుమందు, గడ్డిమందు ఉంటే అదే రోజు పక్క ఇంటికి పంపేయండి, తాళం కూడా చాలదు. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఏదైనా మింగాడని అనుమానం వస్తే 108కు ఫోన్ చేయండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి.

అప్పుల కాగితం

ఐదు గళ్ళు గీయండి: ఎవరికి, అసలు ఎంత, ఎప్పుడు తీసుకున్నాడు, వడ్డీ ఎంత, ఇప్పటికి ఎంత ఇచ్చాడు. వందకు 10 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 120 శాతం. కుర్రాళ్ళకు వారం వడ్డీకి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

తరవాత అప్పులను మూడుగా విడదీయండి.

స్నేహితుల దగ్గర, కిరాణా కొట్టులో, బంధువుల దగ్గర చేబదులు తీసుకున్నవి తీర్చవలసినవే. డబ్బు వాడి చేతికివ్వకండి. మీరే వెళ్ళి ఇచ్చి, "ఇకముందు మా వాడికి ఇవ్వకండి" అని ఆ మాట అక్కడే చెప్పండి. అందులో కొంత భాగమైనా వాడి చేతి ఖర్చులోంచి నెలకు 100, 200 చొప్పున తగ్గించి వాడికే కనబడేలా కాగితం మీద కొట్టేస్తూ పొండి. చదువు మాన్పించి పనిలోకి పంపడం మాత్రం వద్దు. చేతిలో కూలి డబ్బు, తల మీద అప్పు ఉన్నవాడు మొత్తం ఒకేసారి రాబట్టాలని మళ్ళీ ఐడీ తీసుకుంటాడు.

బుకీకి, ఐడీ ఇచ్చినవాడికి "బాకీ" పడ్డది రెండో రకం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, దాని మీద ఎవరూ కోర్టుకెక్కి వసూలు చేసుకోలేరు. అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది నిండనివాడికి ఒప్పందం చేసే అర్హతే లేదు. ఇంటికొచ్చి బెదిరిస్తే ఈ రెండు మాటలూ చెప్పి, 112కు ఫోన్ చేయండి. భయపడి సగమిచ్చి పంపితే మిగతా సగానికి మళ్ళీ వస్తాడు.

మూడోది లోన్ యాప్. యాప్ తీసేసినంత మాత్రాన ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు వాళ్ళ దగ్గర నుంచి పోవు. మార్ఫింగ్ ఫొటోలు చుట్టాలకు పంపుతామంటే వచ్చిన మెసేజ్‌లు, నంబర్లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచి, 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. "ఇలాంటి ఫొటోలు వస్తే నమ్మకండి" అని దగ్గరివాళ్ళకు మీరే ముందుగా చెప్పేస్తే బెదిరింపుకు బలం పోతుంది.

1930 గురించి ఒక మాట. మోసపోయిన డబ్బు అయితే ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, గంటల్లోనే అది ఖాతాలు దాటిపోతుంది. వాడే కట్టి ఓడిన పందెం డబ్బు మాత్రం తిరిగి వస్తుందని ఆశపెట్టుకోకండి. "ఫీజు ఇస్తే రాబట్టి పెడతాం" అనేవాళ్ళు ఫోన్ చేస్తారు, వాళ్ళు రెండో దొంగలు.

ఖాతా అద్దెకిచ్చాడేమో అడగండి

దీన్ని ఎవరూ అడగరు, అందుకే వేరుగా చెబుతున్నాం. అప్పుల్లో ఉన్న కుర్రాడికి "నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకు ఇంతిస్తా" అనే మనిషి తప్పక ఎదురవుతాడు. మీరు పాస్‌బుక్‌లో చూసిన ఆ తెలియని పేర్లు ఇలాంటి కుర్రాళ్ళవే. ఎక్కడో వేరే రాష్ట్రంలో మోసపోయినవాడు ఫిర్యాదు చేస్తే ఖాతా స్తంభిస్తుంది, పోలీసులు ఖాతా ఉన్నవాడి ఇంటికే వస్తారు. ఇచ్చి ఉంటే అదే రోజు శాఖకు వెళ్ళి కార్డు, యూపీఐ ఆపించండి, ఎవరికి ఎప్పుడు ఇచ్చాడో రాసి ఇవ్వండి, సిమ్మును కంపెనీ దుకాణంలో మూయించండి. చాట్‌లు తుడిచేయనివ్వకండి. వాడు మోసగాడు కాదని చూపించేది అవే. పోలీసు నోటీసు వచ్చి ఉంటే లాయరుతో మాట్లాడే వెళ్ళండి.

ఫోను

పగలగొట్టకండి. క్లాసులు, హాల్ టికెట్లు, ఫలితాలు అన్నీ అందులోనే ఉన్నాయి, పైగా స్నేహితుడి ఫోన్లో ఆడటానికి అడ్డేమీ ఉండదు. సెట్టింగుల్లో తెలియని యాప్‌ల ఇన్‌స్టలేషన్ అన్న చోట క్రోమ్, టెలిగ్రామ్, వాట్సాప్, ఫైల్ మేనేజర్ నాలుగింటికీ అనుమతి తీసేయండి. ప్లే స్టోరుతో పని లేకుండా యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్ళు దిగేది వీటిలోంచే. డ్యూయల్ యాప్‌లు, రెండో స్పేస్, దాచిన యాప్‌లు ఉన్నాయేమో చూడండి, చాలా ఫోన్లలో ఈ సౌకర్యం పుట్టుకతోనే ఉంటుంది. ఫ్యామిలీ లింక్ పెడితే కొత్త యాప్ మీ అనుమతి లేకుండా దిగదు, గానీ టెలిగ్రామ్ లోపల జరిగేదాన్ని అది ఆపలేదు. పందేల సైట్లను అడ్డుకునే బెట్‌బ్లాకర్ అనే యాప్ ఉచితం. ఐడీ ఇచ్చిన నంబర్లను, చానెళ్ళను వాడి చేతే బ్లాక్ చేయించండి, మీరు చేస్తే పట్టింపుకు మళ్ళీ తెరుస్తాడు. రాత్రి పది తరవాత ఫోన్లన్నీ, మీవి కూడా, వంటింట్లో చార్జింగుకు పెట్టండి.

డాక్టరు ఎప్పుడు

మాట ఇచ్చి రెండుసార్లు తప్పితే, ఆడకపోతే చేతులు వణికినట్టు చిరాకు పడుతుంటే, దొంగతనం దాకా వెళ్ళి ఉంటే ఆలస్యం చేయకండి. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చింది, అది బుద్ధి లేకపోవడం కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఓపీ చీటీ రాయించుకుని మానసిక వైద్య విభాగం అడగండి. అవసరమైతే విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి పంపుతారు. జూదానికని ప్రత్యేకమైన మాత్ర లేదు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడే చికిత్సే ప్రధానం. కుంగుబాటు, మద్యం, గంజాయి తోడుగా ఉన్నాయేమో డాక్టరు చూస్తారు, ఉంటే వాటికి మందులిస్తారు. అప్పుల కాగితం, పాస్‌బుక్ వెంట తీసుకెళ్ళండి.

రెండు కాలాలు జాగ్రత్త

దాదాపు మార్చి చివరి నుంచి మే చివరి దాకా ఐపీఎల్. పది, ఇంటర్ పరీక్షలు అయిపోయి పిల్లలు ఖాళీగా ఉండేదీ అప్పుడే. ఆ రెండు నెలలు పుస్తకం పదిహేను రోజులకోసారి ప్రింటు వేయించండి, సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా వాడికొక పనో, ఆటో, మనుషుల తోడో ఉండేలా చూడండి. మ్యాచ్ చూడనివ్వండి, ఇంట్లో టీవీలో అందరితో కలిసి.

రెండోది సంక్రాంతి. వలస వెళ్ళిన పెద్దలు చేతిలో డబ్బుతో వస్తారు, తోటల్లో పేకాట, కోడిపందేలు, జాతరల్లో గుండాట. మావయ్య మూడు ముక్కలు ఆడుతూ "పండగ కదా" అంటుంటే, పక్కన కూర్చున్న కుర్రాడికి మీరు చెప్పినదంతా అబద్ధమైపోతుంది. ఆ ఇంట్లో ఆ ఏడాది ఎవరూ పందెం ముట్టుకోకూడదు. ఈ సంగతి తండ్రికి, మావయ్యలకు పండక్కి రైలెక్కక ముందే ఫోన్‌లో చెప్పండి, వచ్చాక చెబితే గొడవ అవుతుంది.

మధ్యలో ఒకసారి జారితే అంతా పోయిందనుకోకండి. అదే కాగితం తీయండి, కొత్త అంకె కింద రాయండి, డబ్బు ఈసారి ఏ దారిన బయటికి పోయిందో వెతికి దాన్ని మూయండి.